అప్‌డేట్: టిరెట్టా బజార్‌లో చైనీస్ టిఫిన్ తినొచ్చాం

కోల్‌కతా పాత చైనాటౌన్ అయిన ఈ టిరెట్టా బజార్‌కి ఏ టైమ్‌కి వెళ్లాలని పోయిన వారం అడిగాను కదా, తెల్లారకముందే లేవమన్నవాళ్లకి ఒక దండం. ఆదివారం 6 గంటలకల్లా పొద్దార్ కోర్ట్ దగ్గర దిగితే అప్పటికే జనం, ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు గుప్పుమని ఆవిరి, అందులో పంది మాంసం కూరిన బావ్‌లు (ఆవిరి మీద ఉడికించిన మెత్తటి బన్నులు), షుమాయ్‌లు (పల్చటి పిండి పొరలో మాంసం పెట్టి ఉడికించినవి), పక్కనే చేప ఉండల సూప్. సూప్‌లో కారం, మసాలా ఏమీ లేవు, మొదటి గుక్కకి చప్పగా అనిపించింది కానీ రెండో గిన్నె కూడా నేనే తాగాను. మన చిల్లీ చికెన్‌కీ దీనికీ అసలు చుట్టరికమే లేదు! మా ఆవిడ శాకాహారి, పాపం నువ్వుల ఉండలతో సరిపెట్టుకుంది. 8 దాటాక చాలా గిన్నెలు ఖాళీ. అమ్మేవాళ్లలో చైనీయులు కొద్దిమందే, 1962 భారత్-చైనా యుద్ధం తర్వాత చాలా కుటుంబాలు వెళ్లిపోయాయట. కోల్‌కతాలోని ఇంకో చైనాటౌన్ టాంగ్రాకి రేపు రాత్రి.