నెల తక్కువ పాపకి థైరాయిడ్ టెస్ట్ మళ్ళీ చేయించాలా?

రాజోలు అమ్మాయి:
నమస్తే అండి. మా పాప 33వ వారంలోనే పుట్టేసింది, బరువు 1,450 గ్రాములే, రెండు వారాల పైనే బాక్స్‌లో ఉంచి మొన్నే ఇంటికి పంపారు. నాలుగో రోజున మడమ దగ్గర గుచ్చి చేసిన టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోను) టెస్ట్ నార్మలే వచ్చింది, అయినా నెల నిండేలోపు మళ్ళీ చేయించమన్నారు డాక్టర్ గారు. మా అత్తయ్య గారేమో అరచేతిలో పట్టే పిల్ల దగ్గర ఇంకెంత రక్తం లాగుతారమ్మా, ఈ వానల్లో కాకినాడ దాకా ఏం తిప్పుతాం అంటున్నారు. నిజంగా అవసరమేనా అండి?

కాకినాడ సిస్టర్:
అవసరమే తల్లీ. పిల్లల ఐసీయూలో డ్యూటీ నాది. థైరాయిడ్ హార్మోను తగ్గితే మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ పెంచాలి, కానీ నెల తక్కువ పిల్లల్లో ఆ ఏర్పాటు ఇంకా కుదురుకోదు, అందుకే హార్మోను తక్కువున్నా టీఎస్‌హెచ్ నార్మల్‌గా కనపడి, కొన్ని వారాలకి పెరగడం ఉంది. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి అందే హార్మోను కూడా వీళ్ళకి ముందే ఆగిపోద్ది కదా. ఈసారి ఫ్రీ టీ4, అంటే రక్తంలో థైరాయిడ్ హార్మోను ఎంతుందో చూసే టెస్ట్, అది కూడా రాయించుకో. అదొక్కటే తక్కువొస్తే కంగారు పడకు, చాలామందికి దానంతటదే సర్దుకుంటాది, మందు కావాలో వద్దో డాక్టర్ గారు చూస్తారు.

పాలకొల్లు నాన్న:
చెల్లెమ్మా, తప్పకుండా వెళ్ళండి. మాకు కవల ఆడపిల్లలు, మొదటిసారి ఇద్దరికీ బాగానే ఉంది, రెండోసారి చిన్నదానికి టీఎస్‌హెచ్ పెరిగింది. చూట్టానికి ఏ తేడా లేదండి, పాలు తాగుద్ది, నిద్రపోద్ది, రక్తం చూడకపోతే మాకు తెలిసేదే కాదు. ఆలస్యమైతే మెదడు ఎదుగుదల దెబ్బతింటాదన్నారు, ఆ మాటకే మా ఇంట్లో వాళ్ళు ఇంక మారుమాట్లాడలేదు. పొద్దున్నే లీవోథైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను మందు) మాత్ర చెంచాలో నలిపి నాలుగు చుక్కల తల్లిపాలతో కలిపి పడతాం. సీసా పాలల్లో కలపొద్దు, సగం వదిలేస్తే మందు ఎంత పోయిందో తెలీదు. ఐరన్ చుక్కలకీ దీనికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి. మూడేళ్ళు నిండాక ఆపి చూద్దాం అన్నారు.

రాజోలు అమ్మాయి:
చాలా థాంక్స్ అన్నయ్యా, సిస్టర్ గారూ. అత్తయ్య గారికి మొత్తం చదివి వినిపించా, సోమవారం వెళ్దాం అన్నారు. ఇంకోటండి, బొడ్డు ఇంకా పూర్తిగా ఆరలేదని ఇంట్లో ఉన్న అయోడిన్ మందు రాస్తున్నాం, పర్లేదా?

కాకినాడ సిస్టర్:
ఇవాళే ఆపెయ్యి తల్లీ. నెల తక్కువ పిల్లల చర్మం చాలా పల్చన, అయోడిన్ లోపలికి ఇంకి థైరాయిడ్ పనిని తగ్గించేస్తాది. బొడ్డుకి ఏమీ రాయకుండా పొడిగా ఉంచు, ఎర్రబడినా చీము కనపడినా సోమవారం దాకా ఆగొద్దు. ఎన్ని రోజులు రాశారో డాక్టర్ గారికి చెప్పు, రిపోర్ట్ చూసేటప్పుడు ఆయనకి అది తెలియాలి.