ప్రేమ మొలకేనట! నెలంతా ప్రేమకథలు చదివినంక ఒక రాచకొండ శ్లోకం మీద చర్చ

భాషా మిత్రులకు నమస్తే. ఈసారి చర్చకు ఒక శ్లోకం పెడుతున్న.

ఇయమంకురితా ప్రేమ్ణా మానాత్ పల్లవితా భవేత్
సకోరకా ప్రణయతః స్నేహాత్ కుసుమితా భవేత్
రాగాత్ ఫలవతీ చేయమనురాగేణ భుజ్యతే

మన రాచకొండ ఏలిన రేచర్ల సింగభూపాలుడి 'రసార్ణవ సుధాకరం'లోది, రెండో విలాసం, అంటే రెండో అధ్యాయమైన రసికోల్లాసంలో ఉన్నది. 14వ శతాబ్దపు సంస్కృత అలంకార గ్రంథం. 'ఇయం' అంటే రతి. ఇప్పుడు మనం ఆ మాటను పడకటింటికే కట్టేసినం గాని, శాస్త్రంలో రతి అంటే శృంగారానికి స్థాయీభావం, అంటే నిలకడైన మూల భావం, ఒకరి మనసు ఒకరి మీద లగ్నమై ఉండుడు. అది ప్రేమతో మొలకెత్తుతది, మానంతో చిగురేస్తది, ప్రణయంతో మొగ్గ తొడుగుతది, స్నేహంతో పూస్తది, రాగంతో కాయ కాస్తది, అనురాగంతో అనుభవానికి వస్తది.

ఇది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఈ నెలంతా నా చదువు దాదాపు ప్రేమకథలతోనే గడిచింది. మా చిన్నమ్మ వాళ్ల అటక మీద నుంచి దించిన పాత వారపత్రికల సీరియళ్లు, పేజీలు చింపి దారంతో కుట్టి దాచుకున్నవి. ఫోన్‌లో రోజుకో భాగం వచ్చే కొత్త కథలు. మధ్యమధ్య తెలుగులోకి దిగిన ఇంగ్లీషు ప్రేమ నవలలు. వీటిని కాలక్షేపం అని పక్కన పెట్టేవాళ్లతో నాకు పేచీ ఉన్నది. ఇద్దరు మనుషులు ఒకరికొకరు ఎట్ల అలవాటైతరో ఇంత ఓపికగా, ఇంత దగ్గరి నుంచి చూసే రాతలు వేరే ఎక్కడున్నయి?

వరుసగా చదువుతుంటే ఒక సంగతి తెలిసొచ్చింది. దాదాపు అన్నింట్లో 'ప్రేమ' అనేది చేరవలసిన ఊరు. ఆ మాట నాయకుడి నోట్లోంచి ఊడిపడేదాకా కథ నడుస్తది, ఊడిపడ్డంక లగ్గం, ఆ తర్వాత సమాప్తం. సింగభూపాలుడి లెక్కల అది మొలక. దాని తర్వాత ఇంకా ఐదు మెట్లున్నయి. ఇన్ని వందల పేజీలు చదివి నేను మొలక దగ్గర్నే తిరిగొస్తున్ననా అనిపించింది.

ఆయన ప్రతి మెట్టుకూ లక్షణం చెప్పిండు. ప్రేమ అంటే యువతీయువకుల నడుమ ఎడం లేని భావబంధం. ప్రణయంలో నమ్మకం కుదురుతది, శాస్త్రం దాన్ని విశ్రంభం అంటది. ఆ నమ్మకం కొస దాకా పోయి చూడంగనే మనసు కరిగితే అది స్నేహం. ఆ స్నేహం ముదిరి దుఃఖం కూడా సుఖంగనే తోస్తే రాగం. ఇవాళ ప్రణయం, అనురాగం, ప్రేమ మూడూ ఒకటే అన్నట్టు వాడుతున్నం, స్నేహాన్నేమో దోస్తీకి ఇచ్చేసినం. వాడుక మారుడు తప్పు కాదు. కాని నన్ను పట్టి ఆపింది రెండో మెట్టు.

మానం. ప్రేమానుబంధం ఇచ్చిన స్వాతంత్ర్యంతో, మనసుకు ఇంపుగా ఉండేటట్టు, భావం వంకర తిరుగుడు. ఆ 'స్వాతంత్ర్యం' దగ్గర ఆగండి. మన మాటల చెప్పాలంటే చనువు, హక్కు. అలిగే హక్కు. పరాయివాళ్ల మీద కోపం చేస్తం, అలగం. అలిగితే అడిగేటోళ్లు ఉన్నరన్న నమ్మకం ఉంటేనే అలక. అందుకే కావచ్చు, ఆయన దాన్ని చీడ అనలేదు, చిగురు అన్నడు.

ఈ నెల నేను చదివిన కొత్త కథల్లో అలక దాదాపు లేదు. దాని జాగాల అపార్థం కూర్చున్నది. ఎవరో పంపిన ఫొటో చూసి, సగం విన్న ఫోన్ మాట పట్టుకొని, ఆమె ఊరు విడిచి పోతది. అతను నిజం చెప్పడు, ఆమె అడగదు. భాగాల మీద భాగాలు గడుస్తయి. అపార్థం తెలియనితనం నుంచి పుడతది, ఒక్క మాటతో తీరిపోతది, తీరినంక ఏమీ మిగలదు. అలక బాగా తెలిసినతనం నుంచి పుడతది. అతను ఎవరో, ఏం చేసిండో ఆమెకు పూర్తిగ తెలుసు, తెలిసే మూతి ముడుస్తది. అది తీరినంక ఇద్దరూ ఇంకో అడుగు దగ్గరైతరు.

ఆ కుట్టిన పేజీల్లో ఒక ఘట్టం చెప్తా. మొగుడు ఒక పెళ్లికి తీస్కపోతనని మాట తప్పిండు. ఆమె ఒక్క మాట అనలేదు. రోజూ లెక్కనే అన్నం పెట్టింది, పప్పు వేసింది, చింతకాయ తొక్కు వేసింది. నెయ్యి వెయ్యలేదు. గిన్నె పక్కనే ఉన్నది. అతను అడగలేదు, చెయ్యి చాపలేదు, అట్లనే తిని లేచిండు. మర్నాడూ అంతే. మూడో రోజు అతను ఆ గిన్నె తీసి ముందు ఆమె అన్నంల వేసిండు, తర్వాత తన కంచం ఆమె దిక్కు జరిపిండు. ఆమె వేసింది. ఇద్దరూ మాట్లాడలేదు. రచయిత్రి కూడా ఏమీ వివరించలేదు. ఆ అర పేజీ కోసం నేను ఆ సీరియల్ మొత్తం మళ్లీ చదువుత.

నా ప్రశ్న: మానానికి 'అలక' సరైన మాటేనా? మీ దిక్కు దీన్ని ఏమంటరు?

పాలమూరు నుంచి ఒక చెల్లె:
అక్కా, మా దిక్కు అలుగుడు అనే అంటం, చిన్నపిల్లలకైనా పెద్దలకైనా అదే. ప్రేమ అనే మాట మాత్రం మా నాయనమ్మ నోట నేను వినలే. ఆమెకు 'పాయిరం'. "వానికి పెండ్లాం మీద మస్తు పాయిరం" అంటది. అది బిడ్డ మీదైనా సరే, బర్రె మీదైనా సరే. అయితే మీరు అన్న అపార్థం సంగతిల నాకు వేరే మాట ఉన్నది. ఫోన్ కథలు నేను కూడా రోజూ చదువుత. అండ్ల చాలాసార్లు ఆమె పొయ్యేది అపార్థంతోని కాదు, అవమానంతోని. నలుగురి ముందు తక్కువ చేసి మాట్లాడితె లేచిపోతది, కొలువు చూసుకుంటది. మానం అంటే మనకు గౌరవం అని కూడా అర్థం గద? ఆ ఆడపిల్ల మానం కోసమే పోయింది. అడిగేటోళ్లు ఉంటరన్న నమ్మకం అందరికీ ఉండదక్కా. అలిగి అన్నం తినకపోతె రాత్రంత ఎవ్వరూ అడగని ఇండ్లు ఎన్ని లేవు?

అసలు పోస్టు పెట్టినామె:
చెల్లే, ఈ మాట నాకు తట్టలేదు, బాగా చెప్పినవ్. మానధనులు అన్నప్పటి మానం, అలకైన మానం ఒక్క గింజ లోపలివే. నేను ఇంత విలువైనదాన్ని అని తెలుసు కాబట్టే అలుగుతది, ఆ విలువ లేదన్నప్పుడు లేచిపోతది. మరి నీ కథల నాయిక తిరిగి వచ్చినప్పుడు ఏమైతదో చూడు. అతను ఆమె విలువను ఒప్పుకుంటే అది సింగభూపాలుడి చిగురే. నిజం తెలిసి "అయ్యో, నేనే తప్పుగా అనుకున్న" అని ఆమెనే ఏడిపిస్తే మాత్రం నాకు ఒప్పదు. అట్లాంటివి ఈ నెల చానా చదివిన.

దేవరకొండ నుంచి ఒక తెలుగు సార్:
అమ్మా, అలక అనంగనే సత్యభామను తలవకుండ ఎట్ల? నంది తిమ్మన పారిజాతాపహరణంలో ఆమె కాలితో తన్నినంక కృష్ణుడు అంటడు, "నను భవదీయ దాసుని మనంబున నెయ్యపుఁగిన్కఁ బూని తాచిన యది నాకు మన్ననయ" అని. నెయ్యపు కినుక! మీరు అడిగిన మానానికి ఇంతకన్న చక్కని తెలుగు నాకు కనపడదు. కినుక అంటే ఉత్త కోపం, నెయ్యపు కినుక అంటే చెలిమి నుంచి పుట్టిన కోపం. పద్యం చివర "అల్క మానవుగదా యికనైన" అని బతిమాలుతడు. మానం తీర్చే ఉపాయాలు శాస్త్రంలో ఆరు చెప్పిన్రు: సామం, భేదం, దానం, నతి, ఉపేక్ష, రసాంతరం అంటే మనసును వేరే భావం మీదికి మళ్లించుడు. కృష్ణుడు చేసింది నతి, మొక్కుడు. మీ సీరియల్‌ల మొగుడు రెండు రోజులు ఊకున్నది ఉపేక్ష, మూడో రోజు నెయ్యి వేసింది సామం అనుకోవచ్చు. ఇంకొక్క మాట. లగ్గాల్ల అలకపాన్పు మీద కూసొని పెండ్లికొడుకు బండి అడిగేదాన్ని కూడా అలక అంటున్నరు. అది బేరం, దానికి ఆ పేరు వద్దు.

అసలు పోస్టు పెట్టినామె:
సార్, నెయ్యపు కినుక అన్నది నేను రాసిపెట్టుకున్న. నిత్యం మాట్లాడేటప్పుడు అలక, రాతలో ఇది. నాకు రెండూ కావాలె.

సంస్థాన్ నారాయణపురం మండలం నుంచి ఒక నేత పనివారు:
రాచకొండ గుట్టలు మా మండలమే, తేలియా రుమాళ్లు నేసే పుట్టపాకా మా మండలమే. శ్లోకాలు నాకు రావు గాని, మీరు స్నేహం తర్వాత రాగం అన్నరు చూడు, అక్కడ నాకొక మాట తోచింది. సంస్కృతంల స్నేహం అంటే నూనె, రాగం అంటే రంగు అని మా పంతులు చెప్పేది. మా తేలియా రుమాలు పని కూడా అదే వరస. ముందుగాల నూలును నూనెల, ఆముదపు కాయల బూడిద నీళ్లల్ల నానబెట్టి, పిసికి, ఎండబెడ్తరు. మళ్ల అదే పని. రోజుల తరబడి నడుస్తది. తొందరపడి ఒక్క పూట తగ్గించినా తర్వాత తెలుస్తది. నూనె తాగిన నూలుకే ఎరుపు గట్టిగ పడ్తది, ఉతికినా పోదు. చిటికి కట్టుడు, అంటే రంగు అంటకుండ నూలుకు ముడులు కట్టుడు, అద్దుడు అంత అటెన్క. తేలియా అన్న పేరు వచ్చిందే నూనె నుంచి. కొత్త రుమాలు వాసన చూస్తె ఇప్పటికీ నూనె వాసన తగుల్తది. ఈ పని మాకు చీరాల దిక్కు నుంచి వచ్చింది, కాబట్టి రాచకొండ రాజు మా మగ్గాలు చూసి రాసిండని నేను అంటలేను. వరస ఒక్కటే ఉన్నదని చెప్తున్న, అంతే.

అసలు పోస్టు పెట్టినామె:
అన్నా, మీ మాట చదివి నేను పుస్తకం మళ్లీ తెరిచిన. మీరు రంగు అన్నరు గద, సింగభూపాలుడు కూడా రాగాన్ని అద్దకపు రంగులతోనే మూడు తీర్లుగా విడగొట్టిండు. కుసుంభ రాగం, నీలీ రాగం, మాంజిష్ఠ రాగం. కుసుంభం అంటే మన కుసుమ పువ్వు రంగు. క్షణంలో మనసుకు పడుతది, ధగధగ మెరుస్తది, క్షణంలోనే పోతది. నీలి అంటుకుంటే పోదు, కాని మెరవదు. మంజిష్ఠ అంటే ఒక తీగ వేరు నుంచి తీసే ఎరుపు, అది తొందరగనే పట్టుకుంటది, ఎంతకాలమైనా పోదు, అందంగనూ ఉంటది. మూడూ నిజమైన అద్దకపు రంగులే. కుసుమ ఎరుపు ఎండకూ ఉతుకుకూ నిలవదని మీకు నేను చెప్పాల్సిన పని లేదు. యాసంగిలో నల్లరేగడి చేన్ల గట్ల పొంటి ముళ్ల కుసుమ చూసినవాళ్లకు ఈ పోలిక ఇట్టే తెలుస్తది.

దీన్ని పట్టుకొని నా నెల చదువును మళ్లీ చూసుకున్న. మొదటి చూపుకే పేజీలు పేజీలు గుండెలు అదిరిన కథలు చానా వరకు కుసుంభం. చదివేటప్పుడు నిద్ర మానుకొని చదివిన, ఇప్పుడు పేర్లు కూడా కలగలిసిపోతున్నయి. వాటిని తక్కువ చెయ్యను, ఆ ధగధగ కూడా ఒక సుఖమే, రాత్రి పూట అలసిపోయినప్పుడు అది కావాలె. నెయ్యి గిన్నె సీరియల్ నీలి. అండ్ల ఎక్కడా "నువ్వంటే నాకిష్టం" అన్న మాట లేదు, మెరుపు లేదు, కాని ఆ ఇద్దరూ విడిపోతరని ఒక్క పేజీలో కూడా భయం కలగలేదు. మంజిష్ఠ అనదగ్గది ఒక్క అనువాద నవల దొరికింది. ఇద్దరూ వయసు మళ్లినవాళ్లు, ఆమెకు జబ్బు. అతను రాత్రంతా కూసొని కాళ్లు పిసుకుతుంటే ఆ నొప్పిలోనే ఆమెకు నవ్వొస్తది. దుఃఖం కూడా సుఖంగ తోచుడు అన్న లక్షణం అక్కడ అక్షరాలా కనిపించింది. ఇంగ్లీషులో రాసినామె రసార్ణవ సుధాకరం చదివి ఉండదు. మనుషులు ఎక్కడైనా మనుషులే గద.

పాలమూరు చెల్లె:
అక్కా, మరి ఫోన్ కథల్లో ఒప్పందపు పెండ్లిళ్లు ఉంటయి చూడు. ఆస్తి కోసమో, తాత ఆఖరి కోరికనో, ముందు లగ్గం చేసుకుంటరు, ప్రేమ తర్వాత వస్తది. వాటిని శ్లోకంల ఏడ పెడ్తవ్?

అసలు పోస్టు పెట్టినామె:
మంచి ప్రశ్న. అండ్ల వరస తిరగబడ్డది. ఒక్క ఇంట్ల ఉండాల్సి వచ్చుడుతో ముందు నమ్మకం కుదురుతది, అంటే మొగ్గ ముందు వచ్చింది, మొలక తర్వాత. శాస్త్రం ఒప్పదేమో గాని మన ఇండ్లల్ల పెద్దలు చేసిన లగ్గాలు చానా మటుకు అట్లనే నడిచినయి. అందుకే ఆ కథలు మనవాళ్లకు అంత దగ్గరైనయనుకుంట. ఇంకొక లాభం కూడా ఉన్నది. లగ్గం ముందే అయిపోయింది కాబట్టి ఇక ఒక్క ఇంట్ల రోజులు గడవాలె. అలకకు, అడుగుడుకు, కంచం జరుపుడుకు జాగా దొరుకుతది. రాసేవాళ్లు ఆ జాగాను అత్తగారి కుట్రలతో నింపకుండా ఉంటే చాలు.

సార్‌కు ఒక మనవి. పూర్వానురాగం, మానం, ప్రవాసం, కరుణం అని విప్రలంభంలో, అంటే ఎడబాటు శృంగారంలో, నాలుగు చెప్తరు గద. అండ్ల వచ్చే మానం, ఈ చిగురైన మానం మీద మీరు విడిగ ఒక పోస్టు రాస్తే బాగుంటది. తక్కిన మిత్రులకు కూడా ఒకటి అడుగుతున్న. లగ్గంతో మొదలై, అలకలు తీరుతూ నడిచే పాత సీరియళ్లు ఎవరి అటకల మీదైనా ఉంటే కింద రాయండి. నల్లగొండ దాకా అయినా నేనే వచ్చి తీసుకుంట, దారంతో కుట్టినవైనా సరే, చదివి జాగ్రత్తగా వాపస్ ఇస్త.

దేవరకొండ సార్:
రాస్తనమ్మా. మా ఇంట్ల రెండు కట్టలున్నయి, మా ఆమె దాచింది. రెండో దాంట్ల చివరి భాగాలు చెదలు తిన్నయి, మొదటిది నిండుగ ఉన్నది. ఆమెను అడిగి చెప్త.