క్రోనె, క్రోనా, కొరూనా: పేరొకటే, విలువా ఒకటేనా?

ప్రశ్న: పాత నాణేల పట్టిక తయారవుతోంది. డెన్మార్క్, నార్వేలది క్రోనె, స్వీడన్‌ది క్రోనా, ఆస్ట్రియాది క్రోన్, చెక్‌లది కొరూనా. వీటిని ఒకే విలువ కింద కలిపి రాయొచ్చా? ఎప్పుడైనా సమానంగా చెల్లాయా?

జవాబు 1: అన్నిటికీ మూలం లాటిన్ ‘కొరోనా’, అంటే కిరీటం. సమానంగా చెల్లింది మాత్రం స్కాండినేవియా మూడు దేశాల్లోనే. 1873లో డెన్మార్క్, స్వీడన్ ఒప్పందం చేసుకున్నాయి, 1875లో నార్వే చేరింది. కిలో మేలిమి బంగారానికి 2,480 క్రోనెలు, అంటే ఒక్కోదానికి 0.403 గ్రాములు. 20 క్రోనెల నాణెం 900 మేలిమితో (వెయ్యి పాళ్లలో 900 బంగారం) 8.96 గ్రాములు తూగుతుంది, ఏ దేశం ముద్ర ఉన్నా అంతే. పాత లెక్కలు కలపాలంటే డెన్మార్క్ రిగ్స్‌డాలర్ ఒకటికి 2 క్రోనెలు, నార్వే స్పెసీడాలర్‌కు 4, స్వీడన్ రిక్స్‌డాలర్‌కు 1.

జవాబు 2: ఆస్ట్రియా-హంగేరీని అందులో కలపొద్దు, పొరపాటు జరిగేది అక్కడే. 1892లో అక్కడ గుల్డెన్ ఒకటికి రెండు క్రోన్‌ల లెక్కన కొత్త డబ్బు వచ్చింది. కిలోకు 3,280 కాబట్టి 20 క్రోన్‌ల నాణెం 6.775 గ్రాములే. తూకం వేస్తే తేడా తెలిసిపోతుంది. చెక్ కొరూనా ఈ కొమ్మదే: సామ్రాజ్యం కూలాక 1919లో చెకోస్లోవేకియా చెలామణిలో ఉన్న నోట్లకు స్టాంపులు అంటించి తన డబ్బును వేరుచేసుకుంది. ఆస్ట్రియా క్రోన్ ధరల పెరుగుదలలో కొట్టుకుపోయి, 10,000కు ఒక షిల్లింగ్ చొప్పున మారింది.

జవాబు 3: తేదీ కూడా చూడండి. 1914లో నోట్లకు బంగారం ఇవ్వడం ఆగాక స్కాండినేవియా మూడు దేశాల డబ్బు విలువలు విడిపోయాయి. కానీ ఒప్పందం ప్రకారం చిల్లర నాణేలు ముఖవిలువకే చెల్లేవి, దాంతో చవకైన డెన్మార్క్, నార్వే నాణేలు స్వీడన్‌లోకి వరదలా వచ్చాయి. 1924లో ఆ రెండు దేశాలూ పొరుగున చెల్లని కొత్త చిల్లర తెచ్చాయి. వాటిలో కొన్నిటికి నడుమ రంధ్రం ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక.

ఇప్పటి డబ్బుకైతే ‘కేఆర్’ అని రాయకండి, డీకేకే (డెన్మార్క్), ఎన్‌ఓకే (నార్వే), ఎస్‌ఈకే (స్వీడన్), ఐఎస్‌కే (ఐస్‌లాండ్), సీజడ్‌కే (చెక్) అని కోడ్ వేయండి. ఐస్‌లాండ్‌ది ఇంకో చిక్కు: 1981లో 100 పాత క్రోనాలు ఒక కొత్త క్రోనా అయ్యాయి.