చనిపోయాక భద్రపరిచిన వీర్యం ఎవరికి చెందుతుంది?

ప్రశ్న:
అవివాహితుడైన మా తమ్ముడికి లింఫోమా (ఒక రకం క్యాన్సరు) అని తేలింది. కీమోథెరపీకి ముందే వీర్యం భద్రపరచుకొమ్మని వైద్యులు సూచించారు. ఆసుపత్రి ఇచ్చిన సమ్మతి పత్రంలో, తాను మరణిస్తే దానిని ఏం చేయాలన్న గడి దగ్గర తమ్ముడు ఆగిపోయాడు. అమ్మానాన్నల పేర్లు రాయమని బంధువులు అంటున్నారు. అలా రాస్తే చెల్లుతుందా? ఖాళీగా వదిలేయవచ్చా?

మొదటి జవాబు:
మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నది 2024 అక్టోబరు 4న ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు. క్యాన్సరు చికిత్సకు ముందు 2020లో సర్ గంగారామ్ ఆసుపత్రిలో వీర్యం భద్రపరచి, ఆ ఏడాదే మరణించిన అవివాహిత యువకుడి తల్లిదండ్రులకు దానిని అప్పగించమని జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ ఆదేశించారు. వీర్యాన్ని ఆస్తిగా పరిగణించి, భార్యాపిల్లలు లేనందున తల్లిదండ్రులే వారసులన్నారు. మృతుడి సమ్మతి రుజువైతే మరణానంతర సంతానానికి మన చట్టంలో నిషేధం లేదన్నారు. అయితే 2021 జనవరిలో కలకత్తా హైకోర్టు, వివాహితుడైన కుమారుడి వీర్యం కోరిన తండ్రికి ఆ హక్కు లేదని, అది మృతుడి భార్యకే ఉంటుందని చెప్పింది.

రెండో జవాబు:
దీనిని వారసత్వపు లెక్కగా చూడటం నాకు మింగుడుపడదు. బతికి బయటపడి తండ్రి కావాలన్న ఆశతో దాచుకున్నంత మాత్రాన, తాను లేకపోయినా బిడ్డ పుట్టాలని కోరుకున్నట్లు కాదు. బ్రిటన్‌లో 1995లో కోమాలో ఉన్న భర్త నుంచి సేకరించిన వీర్యాన్ని వాడుకోవడానికి, అతని రాతపూర్వక సమ్మతి లేదన్న కారణంతో, డయాన్ బ్లడ్ అనే మహిళకు అక్కడ అనుమతి దొరకలేదు. 1997లో అప్పీలు కోర్టు తీర్పు తర్వాత బెల్జియంలో చికిత్స పొంది ఆమె తల్లయింది. మన 2021 ఏఆర్‌టీ (సహాయక పునరుత్పత్తి సాంకేతికత) చట్టం 24వ సెక్షను కూడా మరణానంతర సేకరణకు ముందస్తు సమ్మతి తప్పనిసరి అంటుంది. కాబట్టి గడి ఖాళీగా వదలవద్దు. నమూనాను నాశనం చేయమని రాసే హక్కు కూడా మీ తమ్ముడిదే, బంధువులు నొచ్చుకున్నా సరే.

మూడో జవాబు:
పేర్లు రాసినంతనే దారి సుగమం కాదు. ఆ వీర్యంతో అమ్మానాన్నలు మనవణ్ని పొందాలంటే సరోగసీ (మరో స్త్రీ గర్భంలో బిడ్డను మోయించడం) కావాలి, కానీ ఆ చట్టం అవకాశమిచ్చేది దంపతులకు, 35–45 ఏళ్ల వితంతువులకు, విడాకులు పొందిన స్త్రీలకు. మనవడి కోసం వచ్చే నాయనమ్మ, తాతల ప్రస్తావన అందులో లేదు. బిడ్డ ఆస్తిహక్కూ చిక్కే, ఎందుకంటే హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షను తండ్రి మరణించేనాటికి గర్భంలో ఉన్న శిశువునే లెక్కలోకి తీసుకుంటుంది. మీ తమ్ముడు కోలుకొని పెళ్లి చేసుకుంటే, ఆ పత్రాన్ని భార్యతో మాట్లాడి తిరగరాయించండి.