గోల్ఫ్‌లో డ్రైవర్ (దూరం కొట్టే పొడవాటి క్లబ్) తీస్తే చాలు బంతి కుడికి వంగిపోతోంది, ముందు గ్రిప్ చూడాలా స్వింగ్ చూడాలా?

ఫ్రిస్కో_బ్యాటర్
అందరికీ నమస్తే. డాలస్ వైపు ఉంటా, ఆఫీసు వాళ్లతో పడి గోల్ఫ్ మొదలెట్టా, అంతకుముందు ఊళ్లో క్రికెట్ తప్ప ఇంకేం ఆడలేదు. సెవెన్ ఐరన్ (మధ్య దూరాల క్లబ్) పర్లేదు, కాస్త కుడికి జారినా ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన మధ్య దారి) దరిదాపుల్లోనే ఉంటది. డ్రైవర్‌తో మాత్రం బంతి మొదట ఎడమకే బయల్దేరి సగం దూరం పోయాక కుడికి తిరిగి పక్క హోల్ ఆడేవాళ్ల మధ్యలో పడుతోంది. సరే అని ఇంకా ఎడమకి తిరిగి నిలబడి కొడితే ఇంకా ఎక్కువ వంగుతోంది, ఇదేం లెక్కో. ఒక వీడియోలో గ్రిప్ అంటాడు, ఇంకోడు లోపల్నుంచి స్వింగ్ చెయ్ అంటాడు, ఇంకోడేమో తల కదపకు అంటాడు. కుడిచేతి వాటమే నాది.

గోల్కొండ_గోల్ఫర్
తల సంగతి వదిలెయ్ తమ్ముడూ. బంతి తగిలే క్షణంలో క్లబ్ ఏ దారిన పోతోంది, ఫేస్ (బంతికి తగిలే క్లబ్ ముఖం) ఎటు చూస్తోంది, ఈ రెండిటి మధ్య తేడా వల్లే స్లైస్, అంటే బంతి ఇలా కుడికి వంగడం. దారికంటే ఫేస్ కుడికి తెరుచుకుని ఉంటే బంతి కుడికి వంగుద్ది. ఎడమకి నిలబడ్డావంటే దారిని ఇంకా ఎడమకి తోశావు, ఫేస్ మాత్రం జెండా వైపే చూస్తోంది, తేడా పెరిగింది, వంపూ పెరిగింది.

ఐరన్‌కి ఎందుకు పర్లేదంటే లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) ఎక్కువ కాబట్టి బ్యాక్‌స్పిన్ బలంగా ఉంటది, అదే తేడాకి బంతి అంత పక్కకి వాలదు. డ్రైవర్‌కి తొమ్మిది పది డిగ్రీలే, ఏదీ దాచదు.

రేంజ్_రాజా
ఎడమకి బయల్దేరుతోంది అంటున్నాడు కదా, మరి ఇది క్లియర్‌గా ఓవర్ ద టాప్ బ్రో. పైనుంచి దిగేటప్పుడు కుడి భుజం ముందుకొచ్చేసి క్లబ్ బయటి నుంచి లోపలికి కోస్తోంది. హెడ్‌కవర్ (క్లబ్ తలకి వేసే తొడుగు) తీసి బంతికి అవతలి పక్కన కొంచెం వెనగ్గా పెట్టు, దాన్ని తన్నకుండా కొట్టు, అంతే. గ్రిప్ జోలికి పోకు.

గోల్కొండ_గోల్ఫర్
ఆగు రాజా. ఎడమకి అంటే దేనికి ఎడమ? జెండాకా, వాడి పాదాల గీతకా? ముప్పై గజాలు ఎడమకి తిరిగి నిలబడ్డోడికి బంతి జెండాకి ఎడమగానే పోతది, అందులో వింతేముంది. బంతి మొదలయ్యే దిక్కు డ్రైవర్‌కి ముప్పాతిక వంతు పైనే ఫేస్ ఇచ్చేది. పాతకాలం కోచ్‌లు దారి ఇస్తదని తిరగేసి చెప్పేవాళ్లు, క్లబ్‌నీ బంతినీ కొలిచే ట్రాక్‌మ్యాన్ లాంటి రాడార్లు వచ్చాకే ఆ మాట పోయింది.

తమ్ముడూ, రేంజ్‌లో (ప్రాక్టీసు చేసే చోట) కాళ్ల ముందు పాదాల గీత వెంబడి ఒక స్టిక్ పెట్టి కొట్టి చూడు. బంతి స్టిక్‌కి ఎడమగా మొదలై కుడికి తిరిగితే రాజా చెప్పింది కరెక్టు, దారి సరిచెయ్. స్టిక్‌కి కుడిగానే మొదలై ఇంకా కుడికి పోతే ముందు ఫేస్. అప్పుడు దారి ఒక్కటే మారిస్తే బంతి ఇంకా కుడి నుంచి మొదలై కంచె దాటుద్ది. ఇంకోటి, ఫేస్ మీద ఫుట్ పౌడర్ స్ప్రే కొట్టి మచ్చ ఎక్కడ పడుతోందో చూడు. హీల్ (ఫేస్‌లో కర్రకి దగ్గరున్న కొస) దగ్గర తగిలితే గేర్ ఎఫెక్ట్ (క్లబ్ తల మెలి తిరిగి బంతికి స్పిన్ ఇవ్వడం) వల్ల దానికదే స్లైస్ స్పిన్ కలుపుద్ది, ఊరికే స్వింగ్‌ని తిట్టుకోవద్దు.

ఫ్రిస్కో_బ్యాటర్
చూశా అన్నా. స్టిక్‌కి కుడిగానే మొదలవుతోంది, అన్నీ. మచ్చలు సగం మధ్యలో, సగం హీల్ వైపు.

గోల్కొండ_గోల్ఫర్
అయితే గ్రిప్. క్లబ్ పట్టుకుని కిందకి చూస్తే ఎడమచేతి మెటికలు ఎన్ని కనబడుతున్నయ్? ఒకటే అయితే వీక్ గ్రిప్, అంటే ఫేస్ తెరుచుకుపోయే పట్టు. రెండు మూడు కనబడేదాకా చెయ్యి కుడికి తిప్పు, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గీత కుడి భుజం వైపు చూడాలి. క్లబ్ తిరక్కూడదు, చెయ్యి మాత్రమే. చాలామంది రెండూ కలిపి తిప్పేసి ఏం మారలేదంటారు. క్రికెట్లో డ్రైవ్ కొట్టేటప్పుడు బ్యాట్ ముఖం చివరిదాకా అలాగే పట్టి ఉంచుతాం చూడు, ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు, ముంజేతులు తిరగాలి. పాతకాలం ఛాంపియన్ బెన్ హోగన్ ఫొటోలు చూసి గ్రిప్ కాపీ కొట్టకు, ఆయన బాధ హుక్, అంటే బంతి ఎడమకి వంగడం, నీకు రివర్స్.

మొదట్లో కొన్ని ఎడమకి తిన్నగా పోతయ్, భయపడి మళ్లీ పాత గ్రిప్‌కి పోవద్దు. ఫేస్ దారికొచ్చిందని అర్థం. అప్పుడు రాజా చెప్పిన హెడ్‌కవర్ పద్ధతి మొదలెట్టొచ్చు.

రేంజ్_రాజా
ఒప్పుకున్నా. హెడ్‌కవర్ మెత్తటిదే పెట్టు బ్రో, బాటిల్ పెట్టకు.