సన్నటి అన్‌రెస్పాన్సివ్ (ఉత్తగా లాగితే పైకి రాని) యోయో తీసుకుందామని... ఎఫ్‌హెచ్‌జీ, డీవీ888, పీక్‌లో మీ ఓటు దేనికి?

కూకట్‌పల్లి_త్రో:

అందరికీ హాయ్. నేను ఇప్పటిదాకా ఆడుతున్నది ఆన్‌లైన్‌లో దొరికే మామూలు చైనా మెటల్, వెడల్పు 45 ఎంఎం పైనే ఉంటుంది. ట్రపీజ్, బ్రెయిన్ ట్విస్టర్, ఈలై హాప్స్ (తాడు మీది యోయోని ఎగరేసి మళ్లీ తాడు మీదే దింపడం) లాంటి ట్రిక్స్ వచ్చేశాయి, బైండ్ (తాడు మడతని గ్యాప్‌లో ఇరికించి యోయోని చేతికి రప్పించడం) అలవాటైపోయింది. ఈమధ్య ఆదివారం పొద్దున కృష్ణకాంత్ పార్క్‌లో ఒకాయన కలిసి తన దగ్గరున్న సన్న యోయోలు మూడు ఆడుకోమని ఇచ్చారు: డంకన్ ఫ్రీహ్యాండ్ జీరో (ఎఫ్‌హెచ్‌జీ), యోయోఫ్యాక్టరీ డీవీ888, సీఎల్‌వైడబ్ల్యూ పీక్. అప్పట్నుంచి నా దానితో ఆడుతుంటే చేతిలో ఏదో డబ్బా పట్టుకున్నట్టుంది.

ఎఫ్‌హెచ్‌జీ ప్లాస్టిక్ కాబట్టి తేలిగ్గా అనిపించింది, శబ్దం ఎక్కువ, కానీ ఆడుతుంటే సరదాగా ఉంది. డీవీ888 బుజ్జిగా ఉంది, జేబులో పెడితే తెలీను కూడా తెలీదు, కాకపోతే తొందరగా స్పిన్ అయిపోతోంది. పీక్ మాత్రం కింద నుంచి పైకి వచ్చి అరచేతిలో పడ్డప్పుడు ఆ ఫీల్ వేరే, అది మాటల్లో చెప్పలేను గానీ పక్కన పెట్టబుద్ధి కాలేదు. కానీ మూడిటితోనూ ఒకటే సమస్య, ఈలై హాప్స్‌లో సగం సార్లు తాడు మీద పడకుండా పక్కకి పోతోంది, నాలుగు హాప్స్ అయ్యేసరికి వంగిపోయి గీసుకుంటూ ఆగిపోతోంది. సన్నవి నిజంగానే అంత కష్టమా, నా త్రోలోనే తేడా ఉందా?

కాంటెస్టులకి పోయే ఉద్దేశం లేదు, ఎంఎంటీఎస్ కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడ్డప్పుడూ ఆఫీసులో టీ బ్రేక్‌లోనూ ఆడుకోవడానికి. బడ్జెట్ 6000, మరీ నచ్చితే కొంచెం అటూ ఇటూ. ఒక్కటే కొనాలంటే ఏది కొంటారు, ఎందుకు?

స్ట్రింగ్_బాబాయ్:

తమ్ముడూ, ముందు ఒక విషయం విడదీసి చూడు, ఇక్కడ చాలామంది మూడు వేరే వేరే సంగతుల్ని కలిపేసి సన్నది అంటారు. వెడల్పు తక్కువుంటే అది సన్నది. వ్యాసం తక్కువుంటే అది చిన్నది, అంటే అండర్‌సైజ్. రెండు సగాల మధ్య తాడు కూర్చునే చోటు ఇరుకుగా ఉంటే అది గ్యాప్ సంగతి, దానికీ బాడీ వెడల్పుకీ సంబంధం లేదు, 46 ఎంఎం వెడల్పు యోయోకి కూడా ఇరుకు గ్యాప్ పెట్టొచ్చు.

నీకు డీవీ888లో స్పిన్ తొందరగా అయిపోయింది అన్నావే, అది సన్నగా ఉన్నందుకు కాదు, చిన్నగా ఉన్నందుకు. దాని వ్యాసం 50 ఎంఎం దగ్గర, నీ చైనాది 55, 56 ఉంటుంది. బరువు రెండిటికీ ఒకటే, షేప్ కూడా ఒకే తరహా అనుకుందాం, మొమెంట్ ఆఫ్ ఇనర్షియా (తిరిగేదాన్ని ఆపడం ఎంత కష్టమో చెప్పే లెక్క) వ్యాసం స్క్వేర్‌తో పోతుంది కాబట్టి 50 దానికి 56 దానికన్నా 20 శాతం దాకా తక్కువొస్తుంది. అంటే ఒకే స్పీడ్‌లో తిరుగుతున్నా లోపల దాచుకున్న శక్తి తక్కువ, తాడు తగిలినప్పుడల్లా ఎక్కువ పోగొట్టుకుంటుంది. రిమ్ (బయటి అంచు) దగ్గర బరువు పెంచి కొంత పూడుస్తారు గానీ పూర్తిగా కాదు.

ఇక వంగిపోవడం. ఇది నిజంగా సన్నవాటి గొడవే. వెడల్పాటి వీ షేప్‌లో గోడ బేరింగ్ దగ్గర్నుంచే దూరంగా వాలుతూ పోతుంది, యోయో కాస్త వంగినా తాడు గాల్లోనే ఉంటుంది. పీక్ లాంటి గుండ్రటి వాటిలో గోడ గ్యాప్ పక్కనే నిటారుగా లేచి తర్వాత తిరుగుతుంది, అదే వంపుకి ఇక్కడ తాడు గోడకి రాసుకుంటుంది, రాసుకున్న ప్రతిసారీ స్పిన్ తినేస్తుంది, ఇంకాస్త వంచుతుంది కూడా. అందుకని సన్నది కష్టమా, నా త్రో తేడానా అంటే రెండూను. నీ త్రోలో వంపు ఎప్పట్నుంచో ఉంది, నీ వెడల్పు యోయో ఇన్నాళ్లూ దాన్ని కప్పిపెట్టింది అంతే.

నా ఓటు పీక్‌కే. కారణం కింద రాస్తా, ఇప్పుడు బయటికెళ్లాలి.

బోయిన్‌పల్లి_బైండ్:

గా పీక్ కోసం గన్ని పైసలు ఎందుకన్నా? నేనైతె ఎఫ్‌హెచ్‌జీ అంట. కింద సిమెంటు మీద పడ్డా ఏడ్సుడు లేదు, గీతలు పడ్తె పడనీ. అసలు సంగతేందంటె అది కొన్నప్పుడు ఉన్నట్టు ఆడేది కాదు, మనకి కావల్సినట్టు చేస్కునేది. లోపల తాడుని పట్టే స్టిక్కర్ పీకేసి ఆ గాడిల సిలికాన్ సీలెంట్ నింపి, అంచుకి సమానంగ చదును చేసి, ఒక రాత్రి ఆరనియ్యాలె. సీలెంట్ హార్డ్‌వేర్ షాపుల ఏడైనా దొరుకుతది, బాత్రూం సందులకి పెట్టేదే. గాడి కంటె ఎత్తు ఉంటె గుంజంగనె పైకొస్తది, గాడి కంటె కిందికుంటె బైండ్ పట్టదు, జర ఓపిక్కి పని. ఇంకోటి, దాని సైడ్ క్యాపులు తీసి మార్చుకోవచ్చు, అండ్ల బరువు రింగులు ఏస్కుంటరు కొందరు. గీ ఫ్రీహ్యాండ్ పేరే స్టీవ్ బ్రౌన్ మొదలుపెట్టిన 5ఏ ఆట నుంచి వచ్చింది, యేలికి కట్టకుండ తాడు చివర్ల బరువు కట్టి ఆడ్తరే, గదే.

ఒక్కటే ఇబ్బంది బేరింగ్. ఎఫ్‌హెచ్‌జీది సైజ్ ఏ, మనందరి మెటల్స్‌ల ఉండే సైజ్ సీ దాంట్ల పట్టదు. సైజ్ సీ అయితె పరేషాన్ లేదు, అది ఆర్188 అనే మామూలు ఇండస్ట్రీ సైజే, లోపల 6.35, బయట 12.7, మందం 4.76 ఎంఎం. రాణీగంజ్ బేరింగ్ షాపులల్ల ఈ నంబర్ చెప్పి అడుగు, యోయో అని చెప్తె నిన్ను ఎగాదిగా చూస్తరు.

ట్యాంక్‌బండ్_1ఏ:

నేను ఒప్పుకోను బ్రోస్. పాతకాలపు డిజైన్లని పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతారు? అప్పట్లో అవి సన్నగా ఉన్నాయంటే ఎవరో ప్రేమగా సన్నగా చేశారని కాదు, అప్పటి ఆట అలా ఉంది. 2014లో ప్రాగ్‌లో జెంట్రీ స్టీన్ వరల్డ్స్ (ప్రపంచ పోటీలు) 1ఏ, అంటే ఒక యోయోతో తాడు ట్రిక్స్ వేసే విభాగం, గెలిచింది షట్టర్ అనే యోయోతో, అది 44 ఎంఎం చుట్టూ ఉంటుంది, అప్పుడు అది ఫుల్ వెడల్పు, ఇప్పుడు అదే మీడియం అంటున్నారు. హారిజాంటల్ ఆడాలంటే యోయో పడుకుని తిరుగుతుంటే తాడు మీద దింపాలి, సన్నటి గుండ్రటి దానితో అది ట్రై చేసి చూడండి, తాడు జారిపోయి యోయో మీ మోకాలికి తగులుతుంది.

మెటల్ కూడా మారింది. 6061 బదులు 7075 అల్యూమినియం వాడితే గట్టిది కాబట్టి మధ్యలో గోడ పల్చగా తీసేసి ఆ బరువంతా రిమ్‌కి పంపొచ్చు, అందుకే కొత్తవి తేలిగ్గా ఉండి కూడా ఎక్కువసేపు తిరుగుతాయి. 6000కి మంచి కొత్త వెడల్పాటిది తీసుకో, ఏడాది తర్వాత నాకు థాంక్స్ చెప్తావ్. సన్నవి షోకేస్‌కి.

కూకట్‌పల్లి_త్రో:

@ట్యాంక్‌బండ్_1ఏ బ్రో హారిజాంటల్ నా లిస్ట్‌లోనే లేదు, వెడల్పుది ఆల్రెడీ ఉంది కదా. @బోయిన్‌పల్లి_బైండ్ అన్నా సిలికాన్ ఐడియా బాగుంది. బాబాయ్, ఆ వంపు సరిచేసుకోవడం ఎలా, పీక్ ఎందుకు అన్నది రాయండి ప్లీజ్.

సైనిక్‌పురి_స్లాక్:

మధ్యలో దూరుతున్నా. నా ఫేవరెట్ డీవీ888. ఎందుకో ఎవరూ చెప్పడం లేదు, చేతి సైజు! నా చెయ్యి చిన్నది, 56 ఎంఎం యోయో పట్టుకుంటే వేళ్లు చుట్టూ తిరగవు, త్రో చేసేటప్పుడు మణికట్టు బిగుసుకుని అప్పుడే వంకర పడుతుంది. 50దైతే పట్టు కుదిరి త్రో నేరుగా వస్తుంది. స్పిన్ తక్కువ అన్నది నిజమే కానీ టీ బ్రేక్ ఆటకి ఎన్ని నిమిషాలు తిరగాలండీ, ఒక కాంబో వేసి బైండ్ చేసి మళ్లీ విసురుకుంటాం, అంతేగా.

పాత 888కీ దీనికీ తేడా అడిగేవాళ్లుంటారు కాబట్టి, ఆ 888కి రెండు పక్కలా హబ్‌స్టాక్స్ ఉంటాయి, అవి వాటి సొంత బేరింగ్ మీద తిరుగుతాయి, యోయో తిరుగుతుండగానే వేళ్లతో పట్టుకోవచ్చు. డీవీలో అవి లేవు, ఉత్త బాడీ. నాకదే ఇష్టం.

తాడు గురించి ఒక్క మాట. సన్నవాటికి లావు తాడు కట్టకండి. ఇరుకు చోటులో రెండు మూడు వరసలు పడే ట్రిక్స్ వేస్తుంటే ఒకదాన్నొకటి పట్టేసి యోయో చెప్పాపెట్టకుండా పైకొచ్చేస్తుంది, వేలి కణుపు మీద తగిలితే కళ్లల్లో నీళ్లొస్తాయి. సన్న పాలిస్టర్ తాడు, నూలు కలిసినది వద్దు, నూలు పీచు రాలి బేరింగ్‌లోకి పోతుంది పైగా మన వానాకాలం తేమకి బరువెక్కుతుంది.

స్ట్రింగ్_బాబాయ్:

వచ్చా. @సైనిక్‌పురి_స్లాక్ అమ్మా, చేతి సైజు మాట చాలా కరెక్టు, నాకు తట్టలేదు.

వంపు సంగతి. కుడిచేతి వాళ్లలో నేను ఎక్కువగా చూసేది ఇది: మోచెయ్యి పక్కకి తెరుచుకుని, చెయ్యి కిందికొస్తూ ఒంటికి అడ్డంగా దిగుతుంది, వదిలే క్షణంలో మణికట్టు లోపలికి తిరుగుతుంది. యోయో బయల్దేరడమే వంకరగా బయల్దేరుతుంది, ఆ తర్వాత నువ్వేం చేసినా రిపేరే. మోచెయ్యి భుజానికి నేరుగా ముందుంచి, విడిచాక మధ్యవేలు నేల వైపు చూస్తోందా లేదా గమనించు. ఒక పని చెయ్యి, ట్రిక్ ఏదీ వెయ్యకుండా ఉత్త స్లీపర్ (కింద తాడు చివర నిలబడి తిరిగే త్రో) విసిరి పైనుంచి చూడు. గ్యాప్‌లో తాడు సరిగ్గా మధ్యలో నిలబడి రెండు పక్కలా సమానంగా వెలుతురు కనిపిస్తే త్రో బాగున్నట్టు. ఒక పక్కకి ఆనుకుంటే చెవికి కూడా తెలుస్తుంది, సన్నగా గీస్తున్న చప్పుడు వస్తుంది. అప్పుడు యోయో మెల్లగా ఏ పక్కకి తిరుగుతుందో దానితో పాటు నువ్వూ ఒళ్లు తిప్పు, అది ఉన్న దిశలోనే నువ్వుండు, చేత్తో లాగి దాన్ని నీ వైపు తిప్పాలని చూడకు.

హాప్స్‌లో తాడు మిస్ అవ్వడం కూడా దీంట్లోదే. పైకి ఎగరేసేటప్పుడు రెండు చేతుల మధ్య తాడు బిగువుగా ఉండి, యోయో తిరిగే గీతలోనే రెండు చేతులూ ఉంటే వెడల్పు 40 ఎంఎం అయినా చాలు.

ఇప్పుడు పీక్. అది గొప్పగా తిరుగుతుంది అని నేననను, @ట్యాంక్‌బండ్_1ఏ చెప్పిన కొత్త 7075 వాటి ముందు అది నిలవదు. నాకు నచ్చేది రెండు. ఒకటి ఆ గుండ్రటి ఒళ్లు, నువ్వు మాటల్లో చెప్పలేను అన్నది అదే, వీ షేప్‌వి బైండ్ అయ్యి అరచేతిలో పడితే రిమ్ అంచు గుచ్చుతుంది, ఇది చేతి గుంటలో సరిపోతుంది. రెండోది గ్రైండ్, అంటే తిరుగుతున్న యోయోని చర్మం మీద నిలపడం. బ్లాస్ట్ చేసిన ఫినిష్ అంటే పైన కంటికి కనపడని గరుకు, చర్మానికి తగిలే చోటు తక్కువై రాపిడి తగ్గుతుంది, అరచేతి మీద వదిలితే అలా నిలబడి తిరుగుతూనే ఉంటుంది. కాకపోతే మన ఏప్రిల్, మే నెలల్లో చెమట చేతులతో గ్రైండ్ ఆశ పెట్టుకోకు, ముందు రుమాలుతో తుడుచుకోవాలి.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే మూడు చూస్కో. విప్పి ఇరుసు మీది మర చుట్లు చూడు, అవి అరిగితే బిగించాక వణుకుతుంది. సిలికాన్ ప్యాడ్లు గాడి కంటే లోతుకి దిగిపోయాయా చూడు, దిగితే మార్చుకోవచ్చు, దానికోసం బేరం మానక్కర్లేదు. రిమ్ మీద వేలు తిప్పు, దెబ్బ తగిలిన చోట ముల్లులా లేచి ఉంటే తాడుని కోస్తుంది.

బోయిన్‌పల్లి_బైండ్:

బేరింగ్ కడుగుడు గుడ చెప్పు బాబాయ్, కొత్తోళ్లు నూనె మస్తు పోస్తరు.

స్ట్రింగ్_బాబాయ్:

అవును. బేరింగ్ మూత రింగు సూదితో లేపి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాసేపు ఊపి, పూర్తిగా ఆరబెట్టి, కుట్టుమిషన్ నూనె సూది మొనకి అంటినంత చాలు. ఎక్కువైతే బేరింగ్ బద్ధకించి యోయో రెస్పాన్సివ్ అయిపోతుంది, బైండ్ చెయ్యకుండానే, కాస్త లాగితే చాలు పైకి వచ్చేస్తుంది. అస్సలు వెయ్యకపోతే కీచుమంటుంది, ఆఫీసులో ఆడితే పక్క సీటువాళ్లు చంపేస్తారు.

ట్యాంక్‌బండ్_1ఏ:

సరే, కాంటెస్ట్ లేదన్నాడు కాబట్టి నేను ఊరుకుంటున్నా. అయినా సన్నదే కావాలంటే వన్ డ్రాప్ వాళ్లవి కూడా ఒకసారి చూడు, వాటిలో సైడ్ ఎఫెక్ట్స్ అని ఇరుసు భాగాలు మార్చుకునే సిస్టం ఉంటుంది, బరువు కొంచెం అటూ ఇటూ చేసుకోవచ్చు, ఒకటే యోయోని రెండు రకాలుగా ఆడొచ్చు.

కూకట్‌పల్లి_త్రో:

అందరికీ థాంక్స్. రెండ్రోజులుగా స్లీపర్లే విసురుతున్నా, బాబాయ్ చెప్పినట్టు పైనుంచి చూస్తే తాడు ఎడమ గోడకి ఆనుకునే ఉంది. మోచెయ్యి ముందుకి తెచ్చాక కొంచెం నయం.

పీక్‌కే ఫిక్స్ అయ్యా. జేబు లెక్కన డీవీ888 కరెక్టని తెలుసు, రేటు లెక్కన ఎఫ్‌హెచ్‌జీ, కానీ చేతిలో పడే ఆ ఫీల్ కోసమే కొంటున్నప్పుడు లెక్కలెందుకు. పార్క్‌లో కలిసిన ఆయన్నే అడిగా, ఆయనది అమ్మరట, తెలిసినవాళ్ల దగ్గర ఒకటుంది చూపిస్తా అన్నారు, చెప్పిన రేటు నా బడ్జెట్ కంటే కాస్త ఎక్కువే, బేరం ఆడాలి. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి ఆ పార్క్‌లోనే. @స్ట్రింగ్_బాబాయ్ మీకు వీలైతే ఒకసారి రండి, ఇరుసు మర చుట్లు అరిగాయో లేదో నాకు చూసినా తెలీదు.

స్ట్రింగ్_బాబాయ్:

ఏడింటికి కుదరదు, ఎనిమిదిన్నరకి వస్తా. నేనొచ్చేదాకా డబ్బులివ్వకు.