మారతహళ్ళి అద్దె ఇంట్లో నల్లులు: స్ప్రే తర్వాత కూడా పోలేదు, ఏం చేయాలి?

బెంగళూరు మారతహళ్ళిలో అద్దెకుంటున్నాం. దోమతెర కట్టినా పాపకు మెడ మీద, చేతుల మీద వరసగా దద్దుర్లు వస్తున్నాయి. పరుపు కుట్ల వెంట నల్లటి చుక్కలు, మంచం చెక్క సందుల్లో తెల్లటి గుడ్లు, ఎండిన పొట్టు కనిపించాయి. అంటే నల్లులే, అనుమానం లేదు.

పెస్ట్ కంట్రోల్ వాళ్ళు ఒకసారి మందు కొట్టారు. కాస్త తగ్గి మళ్ళీ మొదలయ్యాయి. గుడ్ల మీద మందు అంతగా పనిచేయదు, అవి వారం పది రోజుల్లో పిల్లలవుతాయి కాబట్టి రెండో విడత కావాలని చదివాను. వాళ్ళేమో ఒక్కసారి చాలంటున్నారు. మీకు ఎన్ని విడతలు పట్టింది?

దుప్పట్లు 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతుకుతున్నాం. పరుపుకి ఇక్కడి ఎండ చాలదనిపిస్తోంది, లోపలిదాకా 50 డిగ్రీలు చేరాలి కదా! స్టీమర్ వాడినవాళ్ళుంటే చెప్పండి. మా అత్తయ్యగారు మంచానికి కిరోసిన్ పూయమంటున్నారు, కానీ చిన్నపిల్ల ఉన్న ఇంట్లో నిప్పు భయం, ఆ వాసన వల్ల నాకు ధైర్యం చాలట్లేదు.

ఇంకొకటి. గోడ పగుళ్ళు, స్విచ్ బోర్డుల సందుల్లోంచి పక్క ఫ్లాట్‌ నుంచి కూడా వస్తాయట. అన్ని ఫ్లాట్లకీ ఒకేసారి మందు కొట్టించేలా ఓనర్‌ని ఎలా ఒప్పించారు? పాపకి రాత్రుళ్ళు నిద్ర ఉండట్లేదు, చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.